ఈవ్ ఆన్‌లైన్‌లో దారిదోపిడీ: లో-సెక్‌లో ఆరుగురి ముఠా ఆట ఎలా ఉంటుంది

అంతరిక్ష నౌకలతో ఆడే ఈవ్ ఆన్‌లైన్ అనే ఆట పేరు వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా వేలమంది ఒకేచోట తలపడ్డ యుద్ధాల గురించే రాస్తారు. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర వ్యవస్థలో ఒక్క పోరులోనే, ఆటలో అతిపెద్దవైన టైటాన్ నౌకలు 75 నాశనమైన సంగతి ఈ ఆట ముట్టుకోనివాళ్లు కూడా వినే ఉంటారు. కానీ అలాంటి యుద్ధంలో మామూలు ఆటగాడికి ఉండే పని తక్కువ. సేనాని ఎవరిని కొట్టాలో పేరు చెబుతాడు, మీరు కాల్చే మీట ఎఫ్1 నొక్కుతారు. జనం ఎక్కువై సర్వర్ మీద భారం పెరిగితే ఆట వేగం పదో వంతుకు పడిపోతుంది, ఒక్కో గుండు పేలడానికి మీరు కూర్చుని ఎదురుచూస్తారు. ఈ ఆటలో అసలు సరుకు ఏమిటో తెలియాలంటే ఐదారుగురు కలిసి లో-సెక్‌లో, అంటే పోలీసు రక్షణ తక్కువగా ఉండే ప్రాంతంలో, దారి కాయాలి. ఈ సమీక్ష ఆ ఒక్క విషయం గురించే. గనులు, మార్కెట్, సామ్రాజ్య రాజకీయాల జోలికి పోవడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. జట్టుగా ఆడేవాళ్లకు, ఒకరి మాట ఒకరు వినగలిగేవాళ్లకు దీనికి సాటి వచ్చే ఆట లేదు. ఒంటరిగా దిగి దోచుకుందామనుకునేవాళ్లకు మాత్రం సమయం దండగ. ఇక్కడ గెలుపోటములు ఎక్కువసార్లు తేలేది ఎవరి తుపాకీ పెద్దది అన్నదాని మీద కాదు, ఎవరు కాల్చకుండా ఆగగలిగారు అన్నదాని మీద. అదెలాగో తెలియాలంటే ముందు నియమాలు తెలియాలి.

ఐస్‌లాండ్‌లోని సీసీపీ గేమ్స్ 2003 మే 6న ఈ ఆటను విడుదల చేసింది. చైనా మినహా ప్రపంచమంతా ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్ మీద ఆడుతుంది. ప్రతి నక్షత్ర వ్యవస్థకూ ఒక భద్రత అంకె ఉంటుంది. 0.5 నుంచి 1.0 వరకు హై-సెక్. అక్కడ ఊరికే ఎవరినైనా కొడితే కాంకార్డ్ అనే పోలీసు దళం వచ్చి మీ నౌకను తప్పకుండా పేల్చేస్తుంది. 0.1 నుంచి 0.4 వరకు లో-సెక్. ఇక్కడ కాంకార్డ్ రాదు. ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి దాటించే గేట్ల దగ్గర, స్టేషన్ల దగ్గర కాపలా తుపాకులు మాత్రం ఉంటాయి. 0.0, అంతకన్నా కింద ఉన్నది నల్-సెక్, అక్కడ చట్టమే లేదు. దోపిడీకి లో-సెక్కే సరైన చోటు. నల్-సెక్‌లో దారి పొడవునా వార్ప్‌ను (నౌకల అతివేగ ప్రయాణాన్ని) అడ్డుకునే బుడగలు పరిచి ఎవరినైనా పట్టేయొచ్చు. లో-సెక్‌లో బుడగలు పనిచేయవు కాబట్టి ప్రతి నౌకనూ చేత్తో లాక్ చేసి (గురిపెట్టి) పట్టుకోవాల్సిందే. నైపుణ్యం అవసరమయ్యేది ఇక్కడే.

లో-సెక్‌లో ఏ నేర ముద్రా లేని నౌకను మీరు ముందుగా కొడితే 15 నిమిషాల పాటు మీ మీద సస్పెక్ట్ (అనుమానితుడు) అనే ముద్ర పడుతుంది. నౌక పేలాక బయటపడే గుడ్డులాంటి పాడ్‌ను కొడితే క్రిమినల్, అదీ 15 నిమిషాలే. రెండింటికీ మీ సొంత భద్రత స్థాయి పడిపోతుంది. అది -10 వరకు దిగగల అంకె. -2.0కు దిగితే 1.0 వ్యవస్థల్లో ఆయా సామ్రాజ్యాల పోలీసులు వెంటపడతారు, -4.5కు దిగితే హై-సెక్ అంతటా అదే పరిస్థితి. -5.0 దాటితే మిమ్మల్ని ఎక్కడైనా ఎవరైనా కొట్టొచ్చు, వాళ్ల మీద ఏ ముద్రా పడదు. తిరిగి పైకి రావాలంటే లో-సెక్‌లో దొరికే క్లోన్ సోల్జర్ ట్యాగ్‌లు కొని కాంకార్డ్ స్టేషన్‌లో రుసుముతో సహా అప్పజెప్పాలి. పాడ్‌లను కొట్టే అలవాటు ఉన్న ముఠాకు ఈ ఖర్చు గట్టిగానే తగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది 60 సెకన్ల ఆయుధ గడియారం. ఎవరి మీదైనా దాడి చేసే మాడ్యూల్ (నౌకకు బిగించే పరికరం) ఏది వాడినా, తుపాకీయే కాదు, పారిపోకుండా ఆపే వార్ప్ డిస్రప్టర్ వేసినా, ఆ క్షణం నుంచి 60 సెకన్లు మీరు గేటు దాటలేరు, స్టేషన్‌లోకి పోలేరు. మళ్లీ వాడితే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. కొట్టించుకుంటున్నవాడు తిరిగి కాల్చకపోతే అతనికి ఆ బంధనం లేదు. కొత్త ముఠాలు చేతికి చిక్కిన వేటను పోగొట్టుకునేది ఈ ఒక్క కారణం వల్లే.

ఒక గేటు దగ్గర జరిగేది దగ్గరగా చూద్దాం. టామా పేరు ఈవ్ ఆడినవాళ్లందరికీ తెలుసు. జీటా వ్యాపార కేంద్రం నుంచి అట్టే దూరం లేని 0.3 వ్యవస్థ అది, దాని పక్కనే ఉన్న నూర్వుకైకెన్ హై-సెక్. మీ ముఠా టామా వైపు గేటు దగ్గర కాపు కాసింది. నూర్వుకైకెన్‌లో ఉన్న మీ వేగువాడు ఒక సరుకు నౌక గేటువైపు వస్తోందని చెప్పాడు. గేటు మెరిసింది, శబ్దం వచ్చింది. వ్యవస్థలో ఉన్నవాళ్ల పేర్లు చూపే లోకల్ చాట్ జాబితాలో కొత్త పేరు కనబడింది. నౌక మాత్రం కనబడదు. గేటు దాటి వచ్చిన ప్రతి నౌకా కదిలేవరకు, గరిష్ఠంగా 60 సెకన్లు, అదృశ్యంగా ఉంటుంది. గేటు నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఎటో ఒకవైపు తేలి ఉంటుంది. ఈ వ్యవధిలో ఒకరు ఆ పేరును జెడ్‌కిల్‌బోర్డ్‌లో (పేలిన నౌకల చిట్టా ఉండే వెబ్‌సైట్‌లో) వెతకాలి. ఏ నౌకలు పోగొట్టుకున్నాడు, ఏ సంఘంలో ఉన్నాడు, ఎరగా వచ్చే అలవాటుందా అన్నది 20 సెకన్లలో తెలిసిపోతుంది.

అతనికి రెండే దారులు. ఏదైనా గ్రహంవైపు తిరిగి వార్ప్‌లోకి పోవడం, లేదా గేటువైపు వెనక్కి పరుగెత్తి 2,500 మీటర్ల లోపలికి చేరి దాటిపోవడం. వార్ప్‌లోకి పోవాలంటే నౌక దిశ తిరిగి గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకోవాలి. పెద్ద సరుకు నౌకకు దీనికి చాలా సెకన్లు పడుతుంది కాబట్టి లాక్ చేయడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడ సర్వర్ సెకనుకు ఒక్కసారే లెక్కలు చూస్తుంది. అందుకే 2 సెకన్లలోపు తిరిగే షటిళ్లు, ఇంటర్‌సెప్టర్లు దాదాపు దొరకవు. వాటి వెనక పడి గడియారం పెట్టించుకోవడం తెలివితక్కువ పని. పోనివ్వండి.

వెనక్కి పరుగెత్తే దారి అసలు చిక్కు. మీరు 24 కిలోమీటర్ల వార్ప్ డిస్రప్టర్ ఒక్కటే వేస్తే అతను వార్ప్‌లోకి పోలేడు గానీ, వేగం పెంచే మైక్రోవార్ప్‌డ్రైవ్ ఉంటే 10 కిలోమీటర్లు చకచకా దాటి గేటు అందుకుంటాడు. మీ వాళ్లందరికీ ఆయుధ గడియారం నడుస్తోంది, ఎవరూ వెంట దాటలేరు. కాబట్టి దగ్గర్లో ఉన్నవాడు టీ2 (మెరుగైన రెండో తరగతి) స్క్రామ్ అనే ఇంకో పట్టు పరికరం వేయాలి. దాని పరిధి 9 కిలోమీటర్లే, కానీ అది మైక్రోవార్ప్‌డ్రైవ్‌ను ఆపేస్తుంది. దానిమీద వేగాన్ని 60 శాతం తగ్గించే వెబ్. 250 మీటర్ల వేగం ఉన్న నౌక 100కు పడిపోతుంది, 10 కిలోమీటర్లు పాకడానికి 100 సెకన్లు కావాలి. రెండో వెబ్ పడితే ఆ వేగం మళ్లీ సగమవుతుంది. ఈ మాత్రం సమయం దొరికితే వేట మీదే.

అయినా ముఠాలో కనీసం ఇద్దరు ఏ మీటా నొక్కకుండా గేటు మీద కూర్చోవాలి. వేట గేటు దాటితే వాళ్లూ దాటుతారు, అవతల పట్టుకుంటారు. అవతల ఉన్నది నూర్వుకైకెన్ లాంటి హై-సెక్ అయితే ఇది కుదరదు, లో-సెక్ నుంచి లో-సెక్‌కు ఉన్న గేట్ల దగ్గరే పనికొస్తుంది. అందుకే అనుభవం ఉన్న ముఠాలు హై-సెక్ అంచు గేటుకన్నా ఒక అడుగు లోపలి గేటును ఇష్టపడతాయి. తాకిడి తక్కువ, దొరికింది జారిపోయే అవకాశమూ తక్కువ. కళ్లముందు మిగతావాళ్లు కాలుస్తుంటే చేతులు కట్టుకుని ఉండటం కొత్తవాళ్లకు చాలా కష్టం. కిల్‌మెయిల్‌లో, అంటే నౌకను పేల్చినవాళ్ల పేర్లుండే నివేదికలో, తమ పేరు రాదేమోనని ఆత్రపడతారు. ఆ ఆత్రాన్ని అదుపు చేయగల సేనాని ఉంటే ముఠా నిలుస్తుంది.

అందరినీ ఒకే లెక్కతో పట్టలేరు. సాధారణ నౌకను ఆపడానికి 1 బలం చాలు. డిస్రప్టర్ బలం 1, స్క్రామ్ బలం 2. కానీ వెంచర్ అనే చిన్న గని నౌకకు, డీప్ స్పేస్ ట్రాన్స్‌పోర్ట్‌లనే సరుకు నౌకలకు పుట్టుకతోనే +2 రక్షణ ఉంటుంది. వాటికి 3 కావాలి, అంటే ఒక స్క్రామ్, ఒక డిస్రప్టర్ కలిసి పడాలి. స్క్రామ్ పడగానే "పట్టేశాం" అని అరిచి మిగతావాళ్లు తమ డిస్రప్టర్లు ఆపేస్తే కోట్ల ఐఎస్‌కే (ఆటలోని డబ్బు) విలువైన సరుకు కళ్లముందే వెళ్లిపోతుంది. బ్లాకేడ్ రన్నర్లనే సరుకు నౌకలు అదృశ్యంగానే వార్ప్‌లోకి పోతాయి. 2,000 మీటర్ల లోపలికి ఏదైనా వస్తేనే వాటి ముసుగు తొలగుతుంది. అంచనాతో వేగంగా దూసుకెళ్లే నౌక ఒకటి ఉంటే ఒక్కోసారి దొరుకుతాయి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

గేటు తుపాకుల సంగతి. ముద్ర లేని నౌకను గేటు దగ్గర కొట్టినవాళ్ల మీద అవి కాలుస్తాయి. ఫ్రిగేట్లు కొద్ది సెకన్లలో పోతాయి. క్రూయిజర్ పరిమాణం ఉండి వెనక మరమ్మతు నౌక ఉంటే తట్టుకుంటుంది. అందుకే గేటు కాపుకు ఫ్రిగేట్‌ను పట్టే పనికి వాడకూడదు, వేగు పనికి వాడాలి. అవతలివాడు ముందే సస్పెక్ట్ అయినా, -5.0 దాటినా, పక్షాల మధ్య జరిగే ఫ్యాక్షన్ వార్‌ఫేర్‌లో మీ శత్రుపక్షమైనా తుపాకులు పట్టించుకోవు.

కొత్త ముఠాకు మేం చెప్పే కూర్పు పూర్తిగా కాల్డారీ నౌకలతో ఉంటుంది. అందరూ ఒకే జాతి నైపుణ్యాలు నేర్చుకుంటే పాత్రలు మార్చుకోవడం సులువు. మూడు కారకల్‌లు, ఒక మోవా, ఒక ఆస్ప్రే, వేగుకు ఒక కాండోర్. డబ్బు కట్టని ఆల్ఫా ఖాతాతోనే ఇవన్నీ నడపొచ్చు. కారకల్‌కు ఐదు రాపిడ్ లైట్ మిసైల్ లాంచర్లు; మధ్య వరుసలో 50ఎంఎన్ మైక్రోవార్ప్‌డ్రైవ్, వార్ప్ డిస్రప్టర్, రెండు లార్జ్ షీల్డ్ ఎక్స్‌టెండర్లు, ఒక షీల్డ్ హార్డెనర్; కింద బాలిస్టిక్ కంట్రోల్, డామేజ్ కంట్రోల్, ఒక నానోఫైబర్. మూడింటిలో ఒక కారకల్‌కు హార్డెనర్ తీసి సెన్సార్ బూస్టర్ పెట్టి, అందులో లాక్ వేగం పెంచే స్క్రిప్ట్ వేయండి. ముందుగా లాక్ చేసే పని దానిదే. మోవా స్క్రామ్, వెబ్ పట్టుకుని గేటుకు దగ్గరగా ఉంటుంది. ఆస్ప్రే వెనక నుంచి షీల్డ్‌లు నింపుతుంది.

రాపిడ్ లైట్ లాంచర్లలో ఒక కిటుకుంది. అవి ధారాపాతంగా కురిపిస్తాయి, ఖాళీ అయ్యాక మళ్లీ నింపడానికి 35 సెకన్లు పడుతుంది. ముగ్గురూ ఒకేసారి మొదలుపెడితే ముగ్గురూ ఒకేసారి ఖాళీ అవుతారు. ఆ 35 సెకన్లలో అవతలివాడు షీల్డ్ మరమ్మతు చేసుకుంటాడు, లేదా అతని స్నేహితులు దిగుతారు. ఒకరు కొద్దిగా ఆలస్యంగా మొదలుపెట్టాలి. పోరు లేని సమయంలో సగం ఖాళీ అయినా సరే నింపుకోవాలి. నాలుగు రకాల మందుగుండూ వెంట ఉంచుకోండి. సహజంగా నౌక బయటి పొర అయిన షీల్డ్ బలహీనత విద్యుదయస్కాంత దెబ్బకు, దాని లోపలి పొర ఆర్మర్ బలహీనత పేలుడు దెబ్బకు. కారకల్‌కు ఏ ఒక్క రకం మీదా మొగ్గు లేదు కాబట్టి ఎదుటివాడిని బట్టి మార్చుకోవచ్చు. అయితే మందుగుండు మార్చినా అవే 35 సెకన్లు పోతాయి, అందుకే వేగువాడు నౌక పేరు ముందే చెప్పాలి.

షీల్డ్ నౌకలనూ ఆర్మర్ నౌకలనూ ఒకే ముఠాలో కలపొద్దు. మరమ్మతు నౌక ఒకదానికే పనికొస్తుంది. ఎవరో తమకిష్టమైన నౌక తెస్తామంటే మర్యాదగా వద్దనాలి. గార్డియన్, బాసిలిస్క్ లాంటి టీ2 మరమ్మతు నౌకలకు ఎదిగాక కనీసం రెండు ఉండాలి, అవి ఒకదానికొకటి కెపాసిటర్ శక్తి ఇచ్చుకుంటేనే నిలుస్తాయి. ఒనిరోస్, సిమిటార్ అయితే ఒక్కటీ నెగ్గుకొస్తుంది. ఇవన్నీ ఒమేగా చందా కట్టినవాళ్లకే.

మరమ్మతు అడగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఎదుటివాడు మిమ్మల్ని లాక్ చేస్తున్నప్పుడు అతని గుర్తు చుట్టూ పసుపు పెట్టె వెలుగుతుంది, కాల్చడం మొదలుపెడితే ఎరుపు. పసుపు పెట్టెలు రెండు మూడు ఒక్కసారిగా కనబడితే అప్పుడే షీల్డ్ కావాలని ఫ్లీట్ ప్రసారం పంపాలి. ఆస్ప్రే మిమ్మల్ని లాక్ చేయడానికి సెకన్లు పడుతుంది, షీల్డ్ సగానికి వచ్చాక అడిగితే ఆలస్యమే. మైక్‌లో పేరు చెప్పి అరవొద్దు. ప్రసారం నొక్కితే ఆస్ప్రే నడిపేవాడు జాబితాలో మీ పేరు మీద నొక్కి లాక్ చేసుకుంటాడు. మైక్ వేగువాడికీ సేనానికీ ఉండాలి. పట్టుకున్నవాడు మాత్రం "పాయింట్ ఉంది" లేదా "స్క్రామ్ ఉంది" అని, జారిపోతే "పాయింట్ పోయింది" అని చెప్పాలి, అంతే. మాడ్యూల్ తిరగడం మొదలయ్యాకే చెప్పాలి, లాక్ అవుతుండగా కాదు.

మాడ్యూల్‌ను వేడెక్కించి వాడటం తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా చాలా ఉంటుంది. వేడెక్కిస్తే డిస్రప్టర్ పరిధి 20 శాతం పెరిగి 24 నుంచి 28.8 కిలోమీటర్లు అవుతుంది, వెబ్ 10 నుంచి 13కు చేరుతుంది. ఆ అదనపు దూరమే చాలాసార్లు వేటను దక్కిస్తుంది. కానీ వదిలేస్తే మాడ్యూల్ కాలిపోతుంది, పక్కనున్నవీ దెబ్బతింటాయి. పట్టు దొరికి వేట పరిధిలోకి రాగానే ఆపేయాలి. దెబ్బతిన్న మాడ్యూళ్లను బాగుచేసే నానైట్ పేస్ట్ ప్రతి నౌకలోనూ ఉండాలి.

గేటు కాపు ఒక్కటే దోపిడీ కాదు. నిజానికి మాకు ఎక్కువ నచ్చేది డీ-స్కాన్ అనే దిశ స్కానర్‌తో వేట. దాని గరిష్ఠ పరిధి 14.3 ఏయూ (సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఒక ఏయూ), కోణం 360 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గించొచ్చు. వ్యవస్థలోకి రాగానే 360 మీద ఒకసారి నొక్కి నౌకల జాబితా చూడాలి. వెంచర్ కనబడింది అనుకోండి. కెమెరాను ఒక్కో గ్రహశకల బెల్ట్ వైపు తిప్పుతూ 60కి, తర్వాత 30కి, 15కి, చివరికి 5కి తగ్గించాలి. 5 డిగ్రీల్లో కూడా వెంచర్ కనబడిన బెల్టే గమ్యం. పరిధిని కూడా తగ్గించి చూస్తే ఒకే దిశలో రెండు బెల్ట్‌లున్నా ఏదో తేలుతుంది. వార్ప్ నొక్కే ముందు మిగతావాళ్లు వ్యవస్థ బయటే ఉండాలి. లోకల్ జాబితాలో ఆరు పేర్లు ఒక్కసారిగా కనబడితే వెంచర్ ఎప్పుడో వెళ్లిపోతుంది. పైగా -5.0 దాటినవాడి పేరు పక్కన ఎర్ర గుర్తు కనబడుతుంది కాబట్టి వేగువాడు శుభ్రమైన భద్రత స్థాయి ఉన్న పాత్ర అయ్యుండాలి. ఆల్ఫా ఖాతాలను ఒకే మనిషి రెండేసి నడపడానికి వీల్లేదు. వేగు ఇంకో మనిషే కావాలి, అంటే జట్టే కావాలి.

సురక్షిత స్థలాల్లో దాగినవాళ్ల కోసం నౌకలను వెతికే కంబాట్ ప్రోబ్‌లు వాడాలి. అవి ఎదుటివాడి డీ-స్కాన్‌లో కనబడతాయి. అందుకే ముందు డీ-స్కాన్‌తో దిశ, దూరం అంచనా కట్టి, ప్రోబ్‌లను దూరంగా పేర్చి, ఒక్క స్కాన్‌తో దొరికేలా చూసుకోవాలి. నాలుగైదు సార్లు స్కాన్ చేస్తూ కూర్చుంటే మెలకువగా ఉన్నవాడెవడూ దొరకడు. అలాగే లాకెసిస్, రూక్, హ్యూగిన్, కర్స్ లాంటి కంబాట్ రికాన్ తరగతి నౌకలు డీ-స్కాన్‌లో అసలు కనబడవు. బెల్ట్‌లో ఒంటరిగా కనిపించే గని నౌక నిజంగా ఒంటరిదో కాదో డీ-స్కాన్ చెప్పలేదు. ఖరీదైన నౌక మరీ నిర్లక్ష్యంగా నిలబడి ఉంటే ఆ పేరు కిల్‌బోర్డ్‌లో చూడకుండా వెళ్లకండి. ఫోర్స్ రికాన్ తరగతి నౌక కనబడితే ఇంకా జాగ్రత్త. సైనో అనే దారిదీపం వెలిగించి దూరం నుంచి పెద్ద నౌకలను దించగలిగే వాటిలో అదొకటి.

పట్టుకున్నాక ఏం చేయాలి? రాన్సమ్, అంటే వదిలేయడానికి సొమ్ము, అడగడం ఈ ఆటలో పాత సంప్రదాయం. స్క్రామ్, వెబ్ అలాగే ఉంచి, షీల్డ్, ఆర్మర్ పోయి చివరి పొర స్ట్రక్చర్ కనబడగానే కాల్పులు ఆపాలి. ఒక్కరే మాట్లాడాలి, ముందే అనుకున్న మొత్తం చెప్పాలి, నిమిషం గడువు ఇవ్వాలి. అంతకన్నా ఎక్కువ ఇస్తే అతను డబ్బు లెక్కపెట్టడం లేదు, స్నేహితులను పిలుస్తున్నాడు. మొత్తం నౌక విలువకన్నా బాగా తక్కువ ఉండాలి, లేకపోతే బీమా తీసుకుని పేలిపోవడమే అతనికి మేలు. డబ్బు తీసుకుని కూడా కొట్టడాన్ని ఆట నియమాలు నిషేధించవు. మా అభిప్రాయంలో మాత్రం మాట తప్పకూడదు. మాట నిలబెట్టుకునే ముఠా అని తెలిస్తే తర్వాతివాడు తొందరగా చెల్లిస్తాడు, లో-సెక్ చిన్న ఊరు, పేరు తొందరగా పాకుతుంది. ఆట బయట మనిషిని బెదిరించడం, తిట్టడం వేరే సంగతి, అది కంపెనీ నిబంధనల ప్రకారం నిషేధం. ముఠాలో అలాంటివాడు ఒక్కడున్నా పంపేయండి.

నౌక పేలితే అందులోని ఒక్కో వస్తువు మిగలడానికి సుమారు సగం అవకాశం. శిథిలం 2 గంటలు ఉంటుంది. దాన్ని తీసుకున్నా సస్పెక్ట్ ముద్ర పడుతుంది. మూట తీసుకునే మనిషిని ముందే నిర్ణయించాలి, లేకపోతే ముగ్గురు పరుగెత్తి గేటు ఖాళీ చేస్తారు. కొల్లసొత్తును అమ్మడానికి జీటా పోవాలి, దొంగ ముద్ర ఉన్నవాడు అక్కడికి పోలేడు. కాబట్టి శుభ్రమైన పాత్ర ఒకటి రవాణాకు కావాలి. పంపకం వారానికోసారి కాకుండా ఆ రాత్రికి ఆ రాత్రే చేయండి. ముందు పోయిన నౌకల ఖరీదు తీసి, మిగిలింది సమానంగా. కాల్చకుండా గేటు మీద కూర్చున్నవాడికీ, అవతలి వ్యవస్థలో గంటసేపు చూస్తూ ఉన్న వేగువాడికీ అదే వాటా. ఇది పాటించని ముఠాలో నెల తిరిగేసరికి వేగు చేసేవాడు దొరకడు.

ఆటలో లోపాలు లేకపోలేదు. చుట్టూ ఉన్న నౌకలను చూపే ఓవర్‌వ్యూ అనే జాబితా మొదట్లో వచ్చిన రూపంలో పోరుకు పనికిరాదు. సస్పెక్ట్‌లు, క్రిమినల్స్, శత్రువులు కనబడేలా, సొంత ఫ్లీట్ సభ్యులు కనబడకుండా, దూరం వరుసలో సర్దుకోవాలి. కొత్తవాడికి ఇదే ఒక సాయంత్రం పడుతుంది. సర్దుకోకపోతే పక్కనున్న సొంత మనిషినే కొట్టి గేటు తుపాకుల పాలవుతాడు. సేఫ్టీ మీట ఆకుపచ్చలో ఉంటే దాడే జరగదు, పసుపులో పెట్టాలి, పాడ్‌ల దాకా పోదలచుకుంటేనే ఎరుపు. ఎదురుచూపులు ఎక్కువ. రెండు గంటలు కాపు కాసి ఒక్క షటిల్ కూడా దొరకని రాత్రులుంటాయి. పెద్ద కూటములకు మీ కాపు తెలిస్తే 30 మంది వచ్చి తరిమేస్తారు, దానికి మందు లేదు, వెళ్లిపోవడమే. ఇంకో మాట. పోరు ముద్ర ఉండగా ఆట మూసేస్తే నౌక మాయమవదు, 15 నిమిషాలు అక్కడే ఉంటుంది. కరెంటు పోయినా అంతే. ఇన్వర్టర్ లేనివాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

2023 నవంబరులో వచ్చిన హావాక్ విస్తరణ అంతరిక్ష దొంగల పక్షాలైన గురిస్టాస్, ఏంజెల్ కార్టెల్‌లలో చేరే వీలు కల్పించింది. తిరుగుబాటు ప్రాంతాల్లో చిన్న నౌకల పోరాటాలు బాగా దొరుకుతాయి, ఇది మంచి మార్పు. గేటు కాపు విసుగనిపించినవాళ్లు ఫ్రిగేట్లతో అటు పోవచ్చు. అక్కడి కాంప్లెక్స్‌లనే పోరు స్థలాలకు నౌకల పరిమాణ పరిమితి ఉంటుంది, లోపలికి వచ్చేవాడు ఎక్కడ దిగుతాడో ముందే తెలుస్తుంది, ఆ చోట స్క్రామ్ దూరంలో కాచుకోవచ్చు.

ఎలైట్ డేంజరస్ అనే ఇంకో అంతరిక్ష ఆటతో పోల్చి అడిగేవాళ్లుంటారు. అందులో నౌకను జాయ్‌స్టిక్‌తో స్వయంగా నడిపే ఆనందం ఈవ్‌లో లేదు, ఇక్కడ అంతా ఆజ్ఞలివ్వడమే. కానీ అక్కడ ఇష్టం లేనివాడు సోలో మోడ్‌లోకి పోయి దొంగలకు అసలు కనబడకుండా సరుకు తోలుకోవచ్చు. ఈవ్‌లో ఆ దారి లేదు. అందరూ ఒకే అంతరిక్షంలో ఉండాల్సిందే, అందుకే ఇక్కడ దోపిడీకి బరువుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి ఆడేవాళ్లు వేళలు గమనించాలి. సర్వర్ రోజూ 11:00 యూటీసీకి, అంటే మన సాయంత్రం 4:30కి, కాసేపు ఆగుతుంది. ఐరోపా రద్దీ మనకు రాత్రి 11:30 తర్వాత ముదురుతుంది. మన రాత్రి 8 నుంచి 11 వరకు జనం తక్కువ, వేటలు తక్కువ, కానీ తరిమే పెద్ద గుంపులూ తక్కువే. కొత్త ముఠాకు అదే మంచి సమయం. అమెరికాలో ఉన్నవాళ్లకు తమ సాయంత్రమే రద్దీ వేళ. సర్వర్ లండన్‌లో ఉన్నా పింగ్ గురించి బెంగ వద్దు. లెక్కలు సెకనుకోసారే జరుగుతాయి కాబట్టి 200 మిల్లీసెకన్లు దాటినా కాల్పుల ఆటల్లో వచ్చే ఇబ్బంది ఇక్కడ రాదు. ఆటలో తెలుగు భాష లేదు, కానీ డిస్కార్డ్‌లో ముఠా మాట్లాడుకునేది తెలుగులోనే కావచ్చు. తొందరలో మాతృభాషలో వచ్చిన కబురు ఇంగ్లీషులో కన్నా ముందే బుర్రకెక్కుతుంది, ఇది చిన్న లాభం కాదు.

ఒమేగా చందా ప్రామాణిక ధర నెలకు 19.99 డాలర్లు. ఇది ఎక్కువే. మొదటి రోజే కట్టొద్దు. ఆరుగురూ ఆల్ఫాతో మొదలుపెట్టి, ఒక్కొక్కరూ మూడేసి కారకల్‌లు, మందుగుండు, పేస్ట్ ఒక లో-సెక్ స్టేషన్‌లో పోగేసుకోండి. మూడూ పోయాక మళ్లీ కొనడానికి సరిపడా ఐఎస్‌కే చేతిలో లేకపోతే ఇంకా దోపిడీకి దిగొద్దు. నెల గడిచాక ముందుగా ఒమేగా తీసుకోవాల్సింది పట్టుకునేవాడు. అతను అరాజు లేదా లాకెసిస్‌కు ఎదిగితే డిస్రప్టర్ పరిధి ఎంతో పెరుగుతుంది. తర్వాత మరమ్మతు చేసేవాడు. కాల్చేవాళ్లు కారకల్‌లలోనే చాలాకాలం ఉండొచ్చు.